పాట మారుతుంటే స్కేల్ మార్చడం: కీబోర్డ్ మీద చేతులు చేయాల్సిన పని

రెండు ఆరాధన పాటల మధ్య స్కేల్ మార్పు చెడిపోయిందంటే, చాలాసార్లు తప్పు కార్డ్ పడి కాదు. కార్డ్ సరైనదే ఉంటుంది. కానీ మరీ ముందే వచ్చి ఎంతకీ కదలదు, లేదంటే పెడల్ కింద పాత స్కేల్ స్వరం ఇంకా మోగుతూ ఉంటుంది, లేదంటే పాడేవాళ్లకు ఎత్తుగడ స్వరం వినపడదు. అందుకే ‘ఏ స్కేల్‌కి ఏ కార్డ్’ అనే పట్టిక బట్టీపట్టినవాళ్లకి కూడా ఆదివారం పొద్దున ఇబ్బంది తప్పదు. పట్టిక కావాలి, కాదనను. అయితే అది సగం పనే.

ముందు ఆ సగం చూద్దాం. కొత్త స్కేల్ సా ఎక్కడుందో తెలిస్తే దాని పా ఎక్కడుందో తెలుస్తుంది. ఆ పా మీద మేజర్ కార్డ్, దానికి సెవెన్ (కొత్త స్కేల్‌లో ఆ పా నుంచి లెక్కేస్తే ఏడో స్వరం) కలిపితే చెవి కొత్త సా కోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది. డీ మేజర్‌కి వెళ్లాలంటే ఏ7 పట్టుకుంటాం: అందులో ఏ, సీ షార్ప్, ఈ, జీ. డీ ని సా అనుకుంటే అవి వరసగా పా, నీ, రీ, మా. నీ పైనున్న సా వైపు లాగుతుంది, మా కిందనున్న గా వైపు లాగుతుంది. ఈ రెండు లాగుళ్లే స్కేల్ మార్పు అంతా. నీ వినిపించకపోతే కార్డ్ ఎంత గట్టిగా కొట్టినా చెవికి దారి తెలియదు.

ఇప్పుడు సీ నుంచి డీ కి చేతులతో వెళ్దాం. ఎడమ చేతిలో సీ. కుడి చేతిలో కింద నుంచి పైకి జీ, సీ, ఈ. ఏ7 కి రావడానికి కుడి చేతిలో మధ్య వేలు ఒక్కటే కదలాలి: సీ మీది నుంచి సీ షార్ప్ మీదకి. జీ, ఈ ఉన్నచోటే ఉంటాయి. ఎడమ చెయ్యి ‘ఏ’ కి దిగుతుంది. అక్కడి నుంచి జీ అరమెట్టు దిగి ఎఫ్ షార్ప్ అవుతుంది, సీ షార్ప్ అరమెట్టు ఎక్కి డీ అవుతుంది, పైనున్న ఈ కూడా ఎఫ్ షార్ప్‌కి ఎక్కుతుంది. ఎడమ చేతిలో డీ తో పాటు పైన ‘ఏ’ కూడా పట్టుకుంటే కార్డ్ నిండుగా ఉంటుంది. చెయ్యి ఎక్కడా గెంతలేదు. ఒక టోన్ (రెండు అరమెట్లు) పైకి వెళ్లే ప్రతి మార్పులోనూ ఇదే జరుగుతుంది: పాత కార్డ్‌లోని గా, పా రెండూ కొత్త సెవెన్ కార్డ్‌లో ఉంటాయి, పాత సా ఒక్కటే అరమెట్టు ఎక్కుతుంది. జీ నుంచి ‘ఏ’ కి వెళ్లినా అంతే, డీ నుంచి ఈ మేజర్‌కి వెళ్లినా అంతే. ఇది చేతికి అలవాటైతే మార్పుల్లో ఎక్కువ భాగం అయిపోయినట్టే, ఎందుకంటే పాట చివర్లో స్కేల్ ఎత్తడం ఎక్కువగా ఒక టోనే ఉంటుంది.

బేస్‌ని ఇంకా నున్నగా నడపాలంటే ఎడమ చెయ్యి ‘ఏ’ కి దిగకుండా సీ, సీ షార్ప్, డీ అని మెట్టుమెట్టుగా ఎక్కవచ్చు. కార్డ్ అదే ఏ7, బేస్‌లో సీ షార్ప్. అయితే బేస్ గిటార్ ఉంటే ఆయనకి ముందే చెప్పాలి. ఆయన ‘ఏ’ వాయిస్తే అపస్వరమేమీ కాదు గానీ, మీరు అనుకున్న ఎక్కుడు వినపడదు.

ఇక పెడల్. పైన చెప్పిన మార్పులో సీ, సీ షార్ప్ పక్కపక్క స్వరాలు. సస్టెయిన్ పెడల్ ఎత్తకుండా సీ షార్ప్ కొడితే రెండూ కలిసి మోగుతాయి, వినేవాళ్లకి ‘ఏదో గరగరలాడింది’ అనిపిస్తుంది. కొత్త కార్డ్ వేళ్లు కీస్ మీద పడే క్షణంలోనే పాదం పైకి లేవాలి, కార్డ్ మోగాక మళ్లీ దిగాలి. వేళ్లు దిగుతుంటే పాదం లేస్తుంది. చాలామంది రెండూ ఒకేసారి నొక్కుతారు. దాంతో పాత కార్డ్ తోక కొత్త పెడల్‌లో చిక్కుకుంటుంది. పెడల్ సరిగ్గా ఉన్నా బురదలా వినిపిస్తే రివర్బ్ చూడండి. హాల్ రివర్బ్ ఎక్కువ పెట్టుకుంటే దాని తోక కూడా ఇదే పని చేస్తుంది.

ఏ7 అన్నిచోట్లా నప్పదు. నెమ్మదైన పాటలో సెవెన్ కార్డ్‌ని నిలబెడితే పాతకాలపు బ్యాండ్ ముగింపులా ఉంటుంది. అక్కడ ఏ సస్4 (కార్డ్‌లో మూడో స్వరం బదులు నాలుగోది) మెత్తగా ఉంటుంది: ఏ, డీ, ఈ. లేదా ఎడమ చేతిలో ‘ఏ’ పెట్టి కుడి చేత్తో జీ మేజర్ పట్టుకోండి. నా ఓటు దీనికే. జీ మేజర్ సీ స్కేల్‌లోనూ ఉంది, డీ స్కేల్‌లోనూ ఉంది. ఒకదానికి అది పా మీది కార్డ్, మరొకదానికి మా మీది కార్డ్. అందుకని సీ, జీ, ఆ జీ కిందకే ‘ఏ’ బేస్, చివరికి డీ. వినేవాళ్లు ఎక్కడ మారిందో చెప్పలేరు. కాకపోతే ఇందులో నీ లేదు కాబట్టి లాగుడు తక్కువ. గాయకులు గట్టివాళ్లు కాకపోతే చివరి ఒక్క బీట్‌లోనైనా సీ షార్ప్ వినిపించండి.

సస్ కార్డ్‌తో ఇంకో సౌకర్యం ఉంది. అందులో గా లేదు కాబట్టి రాబోయేది మేజరో మైనరో అది ముందే బయటపెట్టదు. డీ మైనర్ పాటకి వెళ్లాలన్నా అదే ఏ సస్4, తర్వాత అదే ‘ఏ’ మేజర్.

కార్డ్ ఎంతసేపు నిలపాలి అన్నది బార్లలో కాకుండా సెకన్లలో ఆలోచించండి. నిమిషానికి 70 బీట్ల పాటలో నాలుగు బీట్ల బార్ సుమారు మూడున్నర సెకన్లు. 120 బీట్ల పాటలో అదే బార్ 2 సెకన్లు. సభ మొత్తానికి కొత్త శృతి చెవిలో పడటానికి 2 నుంచి 4 సెకన్లు చాలు. అంటే నెమ్మది పాటలో ఒక్క బార్: రెండు బీట్లు సస్, రెండు బీట్లు మేజర్. వేగంగా ఉన్న పాటలో కూడా కనీసం ఒక బార్ పూర్తిగా ఇవ్వాలి. అక్కడ చివరి రెండు బీట్లలో పని కానిస్తే సెకనే మిగులుతుంది, ముందు వరసలో ఉన్నవాళ్లు పాత స్కేల్‌లోనే ఎత్తుకుంటారు. అలాగని నెమ్మది పాటలో మూడు, నాలుగు బార్లు పా మీదే కూర్చుంటే చెవి ఆ పా నే సా అనుకోవడం మొదలుపెడుతుంది. ఎవరో ఒకరు ‘ఏ’ లో పాట ఎత్తుకుంటారు. అది పాడేవాళ్ల తప్పు కాదు.

ఎత్తుగడ స్వరం గురించి కీబోర్డ్ వాయించేవాళ్లు తక్కువ పట్టించుకుంటారు. పాట సా తో మొదలైతే ఇబ్బంది లేదు. పా తో మొదలైతే ఆ స్వరం ఏ7 లోనే ఉంది, కుడి చేతిలో అన్నిటికంటే పైన అది మోగేలా పట్టుకుంటే చాలు. గా తో మొదలైతేనే చిక్కు: డీ లో గా అంటే ఎఫ్ షార్ప్, అది ఏ7 లో లేదు. అలాంటప్పుడు డీ కార్డ్‌కి వచ్చాక ఎఫ్ షార్ప్‌ని పైన పెట్టి ఒక బార్ ఆగండి, ఆ తర్వాతే పాట. పల్లవి మొదటి మాట తాళానికి ముందే పడే పాటల్లో లెక్క ఇంకోలా ఉంటుంది. ఆ ముందు మాటలు పా కార్డ్ మీదే పడాలి, సా కార్డ్ సరిగ్గా సమం (బార్ మొదటి బీట్) మీద దిగాలి. ఇక్కడ తొందరపడి డీ ముందే కొట్టేస్తే పాట ఒక బీట్ ముందుకు జరిగిపోతుంది. డ్రమ్స్ ఒక చోట, పాట ఒక చోట.

మిగతా దూరాలు గబగబా చూసేద్దాం, అన్నీ సీ నుంచే. ఎఫ్ కి వెళ్లడం అన్నిటికంటే తేలిక: ఉన్న సీ కార్డ్‌కే బీ ఫ్లాట్ కలపండి, సీ7 అయింది. జీ కి వెళ్లాలంటే సీ, డీ7, జీ. ఈ ఫ్లాట్‌కి వెళ్లాలంటే సీ మేజర్‌లో గా ఒక్కటి తగ్గించి సీ మైనర్ చేయండి. అది ఈ ఫ్లాట్ స్కేల్‌లో దా మీది కార్డ్. తర్వాత బీ ఫ్లాట్, ఆపైన ఈ ఫ్లాట్. ఈ మేజర్‌కి సీ, ఏ మైనర్, బీ7, ఈ మేజర్ అనే వరస బాగుంటుంది. ఏ మైనర్ పాటకైతే స్వరాలు అవే కాబట్టి దాదాపు ఏమీ చేయనక్కర్లేదు, ఒక్క ఈ7 తగిలిస్తే మైనర్ అని చెవికి ఖాయమవుతుంది. ఒక టోన్ దిగడం, అంటే డీ నుంచి సీ కి: ఎఫ్ షార్ప్‌ని ఎఫ్ చేసి డీ మైనర్, జీ7, సీ. దిగే మార్పు పాట మధ్యలో చేయకండి, ఉత్సాహం కూడా దిగిపోతుంది. పాటకీ పాటకీ మధ్య అయితే పర్లేదు.

అరమెట్టు ఎక్కడం, సీ నుంచి డీ ఫ్లాట్‌కి, వేరే జాతి. ఈ రెండు స్కేళ్లకీ ఉమ్మడిగా ఒక్క మేజర్ కార్డ్ గానీ మైనర్ కార్డ్ గానీ లేదు. సీ కార్డ్‌లోని స్వరాల్లో ఆధారం సీ ఒక్కటే. అది డీ ఫ్లాట్‌కి నీ. ఆ సీ ని వదలకుండా పట్టుకుని, ఈ ని ఈ ఫ్లాట్‌కి, జీ ని జీ ఫ్లాట్‌కి దించి, ఎడమ చేతిలో ‘ఏ’ ఫ్లాట్ పెట్టండి. ఏ ఫ్లాట్7 వచ్చింది. తర్వాత డీ ఫ్లాట్. ఇది దాపరికంగా చేసే మార్పు కాదు, వినపడాల్సిన మార్పే. డ్రమ్స్ ఫిల్‌తో కలిసి దర్జాగా చేయాలి. సీ నుంచి ఎఫ్ షార్ప్ లాంటి దూరాలకి వంతెన కట్టే శ్రమ దండగ. పాట ముగించండి, లీడర్ ప్రార్థన చేస్తుండగా కొత్త స్కేల్‌లో మెల్లగా మొదలుపెట్టండి.

ప్రార్థన వెనక ప్యాడ్ (ఆగకుండా మెత్తగా మోగే నేపథ్య శబ్దం) నడుస్తుంటే మార్పు ఇంకా సులువు, చెడగొట్టడమూ అంతే సులువు. సీ, జీ పట్టుకున్న ప్యాడ్‌ని అలాగే ఉంచి పియానోలో డీ కి వెళ్తే సీ ఇరుక్కుపోయినట్టు ఉంటుంది. రెండు స్కేళ్లలోనూ ఉన్న స్వరం మీదకి ప్యాడ్‌ని ముందే తెచ్చుకోవాలి. సీ నుంచి డీ కైతే ఆ స్వరం డీ. సీ మీద అది రీ లాగా అందంగా ఉంటుంది, ఏ సస్4 లో అది ఉంది, కొత్త స్కేల్‌లో అదే సా. ప్యాడ్‌లో డీ ఒక్కటే పట్టుకుని కింద కార్డ్స్ మారుస్తూ పోవచ్చు. ముందే రికార్డ్ చేసిన ప్యాడ్ ట్రాక్ వాడేవాళ్లకి ఈ వీలు లేదు. వాళ్లు పా కార్డ్ పడే ముందే పాత ట్రాక్‌ని తగ్గించేసి, సా పడ్డాకే కొత్తది పెంచాలి. రెండు ట్రాక్‌లనూ ఒకదాని మీద ఒకటి కలిపితే ఆ కాసేపూ రెండు శృతులు వినిపిస్తాయి.

స్టైల్స్ (మీ కార్డ్‌ని బట్టి తాళం, బేస్ తనంతట తానే వాయించే వరసలు) ఉన్న ఎరేంజర్ కీబోర్డ్ మీద ఇంకో రెండు సంగతులు. మామూలు ఫింగర్డ్ మోడ్‌లో ‘ఏ బేస్ మీద జీ’ లాంటి కార్డ్‌ని మీరనుకున్నట్టు అది తీసుకోదు, బేస్‌ని తనకు తోచినట్టు వాయిస్తుంది. యమహా పెద్ద మోడళ్లలో ‘ఫింగర్డ్ ఆన్ బేస్’ అనే మోడ్ ఉంది, అందులో కింది స్వరమే బేస్ అవుతుంది. లేదంటే మార్పు జరిగే బార్‌లో స్టైల్ ఆపేసి చేత్తో వాయించి, కొత్త స్కేల్‌లో మళ్లీ స్టార్ట్ చేయడం మేలు.

రెండోది ట్రాన్స్‌పోజ్ బటన్, అంటే అవే కీస్ నొక్కినా శృతిని పైకో కిందకో జరిపేది. తప్పేమీ కాదు, కానీ పాట నడుస్తుండగా నొక్కితే చాలా మోడళ్లలో అప్పటికే మోగుతున్న స్వరాలు పాత శృతిలోనే ఉండిపోతాయి, కొత్తగా నొక్కినవి మాత్రమే మారతాయి. పెడల్ కింద ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నొక్కాల్సి వస్తే చేతులూ పాదమూ పూర్తిగా లేపి, నిశ్శబ్దం ఉన్న చోట నొక్కండి. పైగా ట్రాన్స్‌పోజ్ +2 లో పెట్టుకుని జీ వాయిస్తూ గిటార్ ఆయనకి ‘జీ’ అని చెబితే ఆయన జీ వాయిస్తాడు, స్పీకర్లలో వచ్చేది ‘ఏ’. మాట్లాడేటప్పుడు ఎప్పుడూ వినిపించే స్కేల్ పేరే చెప్పాలి.

గిటార్‌కి కేపో (శృతి పెంచడానికి తీగల మీద బిగించే క్లిప్) మార్చడానికి, మార్చాక ఒకసారి ట్యూనింగ్ చూసుకోవడానికి టైమ్ కావాలి. ఆ కాసేపు కీబోర్డ్ ఒక్కటే మోయాలి. దూరం నుంచి స్కేల్ చెప్పుకోడానికి వేళ్ల సైగ పనికొస్తుంది: పైకి చూపిన వేళ్లు షార్ప్‌ల సంఖ్య, కిందకి చూపినవి ఫ్లాట్‌ల సంఖ్య. పైకి ఒకటి జీ, రెండు డీ, మూడు ‘ఏ’, నాలుగు ఈ మేజర్. కిందకి ఒకటి ఎఫ్, రెండు బీ ఫ్లాట్, మూడు ఈ ఫ్లాట్.

చివరి పల్లవికి స్కేల్ ఎత్తేముందు పాటలో అన్నిటికంటే పై స్వరం ఏదో చూసుకోండి. అది డీ అయితే ఒక టోన్ ఎత్తాక ఈ అవుతుంది, సభ కష్టపడైనా అందుకుంటుంది. రెండు టోన్లు ఎత్తితే ఎఫ్ షార్ప్, అక్కడ లీడర్ ఒక్కడే మిగులుతాడు.

సాధనకి మెట్రోనోమ్ 70 లో పెట్టుకుని సీ లో నాలుగు బార్లు, నాలుగో బార్ చివరి రెండు బీట్లు ఏ7, తర్వాత డీ లో నాలుగు బార్లు, అక్కడి నుంచి ఈ మేజర్, ఎఫ్ షార్ప్, ఏ ఫ్లాట్, బీ ఫ్లాట్, మళ్లీ సీ. ఒక చుట్టులో ఆరు స్కేళ్లు అవుతాయి. డీ ఫ్లాట్ నుంచి మొదలుపెడితే మిగతా ఆరు. మొదట పెడల్ లేకుండా చేయండి. పెడల్ లేనప్పుడు కూడా కార్డ్ నుంచి కార్డ్‌కి సందు వినపడకపోతే, అప్పుడు పాదం పెట్టండి.