కళ్ల కింద నలుపుకి క్రీమ్ కొనేముందు అద్దంలో చూడాల్సినవి

ఐ క్రీమ్ డబ్బా మీద నలుపు, ఉబ్బు, ముడతలు మూడూ పోతాయని ఒకే వరుసలో రాసేస్తారు. కానీ వాటికి కారణాలు వేరు, పనిచేసే పదార్థాలు వేరు. అసలు నలుపులోనే మూడు రకాలున్నాయి. మీది ఏదో తేల్చుకోకుండా కొంటే డబ్బు దండగ.

పగటిపూట కిటికీకి ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడండి. కింది రెప్ప చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకి లాగండి. గోధుమ రంగు చర్మంతో పాటే సాగి, అలాగే ఉంటే అది పిగ్మెంటేషన్, అంటే చర్మంలోనే రంగు పేరుకోవడం. లాగేసరికి నీలంగానో ఊదాగానో ఇంకాస్త తేలితే, పలచటి చర్మం కింది రక్తనాళాలు కనబడుతున్నట్టు. తర్వాత వెలుగు నేరుగా పడేలా ముఖం పైకెత్తి చూడండి. నలుపు మాయమైతే అది రంగు కాదు, కంటి కింద పల్లం వేస్తున్న నీడ. ఆ పల్లాన్ని ఏ క్రీమూ పూడ్చలేదు. కన్సీలర్‌తో కప్పుకోవాలి, లేదా డెర్మటాలజిస్టుతో ఫిల్లర్ (పల్లాన్ని నింపడానికి ఇంజెక్షన్‌తో ఎక్కించే జెల్) గురించి మాట్లాడాలి. చాలామందిలో రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి కాబట్టి ఏది ఎక్కువో చూసుకోండి.

మన చామనఛాయ ముఖాల్లో గోధుమ రకం బాగా కనిపిస్తుంది, తరచుగా వంశపారంపర్యంగానే వస్తుంది. దీనికి 4–5 శాతం నయాసినమైడ్ (విటమిన్ బి3 రకం) ఉన్న క్రీమ్‌తో మొదలుపెట్టడం మంచిది. నలుపు తగ్గించే ఆల్ఫా ఆర్బుటిన్, అతిమధురం సారం ఉన్నవి కూడా పర్వాలేదు. ముఖానికి వాడే గాఢమైన విటమిన్ సి సీరమ్‌ని అక్కడికి లాగొద్దు, మండుతుంది. నిమ్మరసం సంగతి చెప్పనక్కర్లేదు. క్రీమ్ కంటే ముందు కావాల్సింది సన్‌స్క్రీన్. జింక్ ఆక్సైడ్ ఉన్నది కళ్లలో మంట తక్కువ పుట్టిస్తుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన టింటెడ్ (చర్మపు రంగులో ఉండే) రకమైతే, మన రంగు చర్మాన్ని నల్లబరిచే మామూలు వెలుతురుని కూడా కొంత ఆపుతుంది. తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోగా కళ్లు రుద్దుకుంటూ ఉంటే ఎంత రాసినా ఒకటే. తుమ్ములు, ముక్కు దురద, కళ్ల దురద ఉన్నవాళ్లు ముందు అలర్జీకి మందు వాడాలి. జుట్టుకి వేసే నల్ల రంగు పడకపోయినా మొదట కనురెప్పల మీదే దురదా వాపూ రావచ్చు. కొత్త కాటుక మీద కూడా ఒక కన్నేసి ఉంచండి.

నీలం రకానికైతే, క్రీమ్‌లోని కెఫీన్ రక్తనాళాల్ని కాసేపు కుదిస్తుంది. ఫలితం కొన్ని గంటలే. కాస్త నిలిచే మార్పు కావాలంటే చర్మం మందం కావాలి, దానికి రెటినాల్ (విటమిన్ ఎ రకం). 0.1 శాతం లేదా అంతకంటే తక్కువది, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టండి. పొట్టు రాలితే ఆపి, తగ్గాక మళ్లీ చూడండి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు రెటినాల్ జోలికి వెళ్లొద్దు.

ఉబ్బు పొద్దున ఉండి మధ్యాహ్నానికి దిగితే అది నీరు. రాత్రి అన్నంలో ఆవకాయా అప్పడాలూ ఎక్కువైతే, తెల్లారి అద్దంలో కనిపిస్తుంది. తల కాస్త ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, ఐదు నిమిషాలు చల్లటి గుడ్డ వేసుకోవడం ఖర్చులేని పనులు. కెఫీన్ జెల్‌లో కూడా ఆ చల్లదనం పాత్ర తక్కువేం కాదు, అందుకే ఫ్రిజ్‌లో పెట్టి వాడండి. రోజంతా ఒకేలా ఉండే సంచులు మాత్రం కొవ్వువి, వాటికి సర్జరీ తప్ప క్రీమ్ లేదు. ఉబ్బుతో పాటు కాళ్ల వాపు, మూత్రంలో నురగ కనిపిస్తే బ్యూటీ షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లి యూరిన్ ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి.

అన్నిటికంటే ప్రమాదం, మెడికల్ షాపులో "ఇది రాయండి, వారంలో తెల్లబడుతుంది" అని చేతిలో పెట్టే ట్యూబ్. వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవండి. మొమెటసోన్, క్లోబెటసాల్, బీటామెథసోన్, ఫ్లూయోసినోలోన్ – వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్. చర్మాన్ని తెల్లబరిచే హైడ్రోక్వినోన్, విటమిన్ ఎ రకం మందైన ట్రెటినోయిన్‌లతో స్టెరాయిడ్ కలిపి అమ్మేవి మరీ ఎక్కువ. నిజంగానే మొదట్లో తెల్లబడుతుంది, చిక్కంతా అక్కడే. వాడుతూ పోతే చర్మం పలచబడి రక్తనాళాలు బయటపడతాయి, ఆపితే ఎర్రగా మండుతుంది. కంటి చుట్టూ ఎక్కువకాలం రాస్తే గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు), శుక్లాల ముప్పు కూడా ఉంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే నిబంధన బిగించింది. అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి.

రాసే పద్ధతికొస్తే, ఒక్కో కంటికి బియ్యపు గింజంత చాలు. ఉంగరపు వేలితో కంటి గుంట ఎముక అంచు మీద అద్దండి, రుద్దొద్దు. రెప్ప వెంట్రుకల దాకా తేవద్దు, క్రీమ్ దానంతటదే పైకి పాకి కంట్లో పడుతుంది. చిక్కటి క్రీమ్ దట్టంగా పూస్తే తెల్లటి చిన్న గింజల్లాంటి మిలియా రావచ్చు. కొత్తదేదైనా ముందు మోచేతి మడత దగ్గర వారం రోజులు రెండు పూటలా రాసి చూడండి. రెటినాల్, విటమిన్ సి గాలీ వెలుతురూ తగిలితే పాడవుతాయి కాబట్టి వెడల్పు మూత సీసాలో అమ్మేవి వద్దు, పంపుదో ట్యూబుదో తీసుకోండి.

ఇక ధర. ఐ క్రీమ్ సాధారణంగా 15 మిల్లీలీటర్లే వస్తుంది. దాన్నీ, అదే కంపెనీ 50 మిల్లీలీటర్ల ముఖపు మాయిశ్చరైజర్‌నీ పక్కపక్కన పెట్టి పదార్థాల పట్టిక చదవండి. మొదటి ఏడెనిమిది పేర్లు దాదాపు ఒకటే అయి, మాయిశ్చరైజర్‌లో సువాసన కలపకపోతే, నేనైతే పెద్ద సీసానే కొనమంటాను.