కళ్ళు మూతకి అంటుకున్న పాండా: బెంటోతో నా మొదటి మూడు నెలలు

ఈరోజుతో మావాడి బడిలో మొదటి టర్మ్ అయిపోయింది. సెప్టెంబరు దాకా తెల్లవారుజామున లేచి నోరి, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, కత్తిరించే పని లేదు. వారం పోతే అంతా హాయిగానే గడిచిందని నాకే అనిపిస్తుంది, అందుకే ఒళ్ళు మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మేం ఉండేది తోక్యోలో. మావాడు మూడేళ్ళు నిండి ఈ ఏప్రిల్‌లో యోచియెన్‌లో చేరాడు. అంటే ఒకటో తరగతికి ముందు మూడేళ్ళపాటు వెళ్ళే చిన్నపిల్లల బడి. వారంలో మూడు రోజులు ఇంటి నుంచి బెంటో, అంటే మధ్యాహ్నం డబ్బా, కట్టివ్వాలి. చేర్పించడం, యూనిఫాం కొలతలు, టీకాల పుస్తకం, ఇవన్నీ ఇట్టే అయిపోయాయి. బెంటో సంచి, కప్పు సంచి ఇచ్చిన కొలతల్లో కుట్టి తెమ్మన్నారు. నాకు కుట్టు రాదు. కొనేశాను. ఎవరూ పట్టించుకోలేదు. దానికోసం రాత్రుళ్ళు నిద్ర మానుకోకండి.

డబ్బా 280 మి.లీ.ది కొన్నాను. చూసి మా అమ్మ వీడియో కాల్‌లో "కుంకుమ భరిణె కొన్నావేంటే" అంది. కానీ ఇక్కడివాళ్ళ లెక్క నాకు నచ్చింది. డబ్బాని ఆరు వంతులనుకుంటే మూడు వంతులు అన్నం, ఒక వంతు గుడ్డో చేపో మాంసమో, రెండు వంతులు కూరగాయలు పెట్టి ఖాళీ లేకుండా సర్దితే, డబ్బా ఎన్ని మిల్లీలీటర్లో లోపల ఇంచుమించు అన్ని కిలోకేలరీలు ఉంటాయట. మూడేళ్ళవాడికి 280 సరిపోతుంది. మన క్యారేజీ గిన్నెతో పోల్చి కంగారుపడి పెద్దది కొనకండి.

మొదటి దెబ్బ అన్నం దగ్గర తగిలింది. తోక్యోలో మనవాళ్ళ కొట్లుండే నిషి కసాయ్ వెళ్ళి మోసుకొచ్చిన సోనా మసూరితో ఓనిగిరి, అంటే చేత్తో ఒత్తిన అన్నం ముద్ద, చుట్టాను. చేతిలో ఉన్నంతసేపు ముద్దే, డబ్బాలో పెట్టగానే పొడిపొడి. మన బియ్యంలో ఎమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువ, అందుకే మెతుకు మెతుకూ విడివిడిగా నిలబడుతుంది. జపాన్ పొట్టి బియ్యంలో అది తక్కువ, కాబట్టి అతుక్కుంటుంది. పులిహోరకి వరమైనదే ఓనిగిరికి శాపం. బియ్యం మార్చాను, గొడవ తీరింది. ముద్దని ప్లాస్టిక్ రేపర్‌లో పెట్టి పైన మెలిపెట్టి చుడితే చేతికి అంటదు.

ఇంతవరకూ ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు. నేను ఆగలేదు. వీడియోలు చూశాను.

డబ్బాలో అన్నాన్ని బొమ్మలుగా చేసి పెట్టడాన్ని ఇక్కడ క్యారాబెన్ అంటారు. క్యారెక్టర్ బెంటో అన్నమాట. ఆ వీడియోల్లో అమ్మలకి ఒక్క మెతుకు కూడా చేతికి అంటదు, వెనకాల పిల్లాడు ఏడవడు. వంద యెన్ల షాపుకి వెళ్ళాను. పన్నుతో కలిపి ఒక్కోటి 110 యెన్లే కదా అని నోరి పంచ్, పాండా అచ్చు, నక్షత్రాల కట్టర్లు, జంతువుల తలలున్న చిన్న పుల్లలు, ఇలా మూడు వేల యెన్లకి పైగా వదిలించుకున్నాను. ఇవాళ్టికీ వాడుతున్నది కత్తెర ఒక్కటే.

ఉన్నమాట చెప్పుకోవాలి, నాకు చెయ్యి తిరిగింది. రెండో వారానికే పసుపు కలిపిన అన్నంతో కోడిపిల్ల, బీట్‌రూట్ నీళ్ళతో గులాబిరంగు కుందేలు. సాసేజ్‌ని కింది సగం ఆరు చీలికలు చేసి వేడినీళ్ళలో వేస్తే చీలికలు బయటికి విచ్చుకుని ఆక్టోపస్ కాళ్ళవుతాయి. ఆపిల్‌ని ఎనిమిది ముక్కలు చేసి, తొక్క మీద కోణంగా గాటుపెట్టి మధ్యది తీసేస్తే కుందేలు చెవులు. 200 మి.లీ. నీళ్ళలో గ్రాము ఉప్పు కలిపి అయిదు నిమిషాలు నానబెడితే మధ్యాహ్నానికి కూడా నల్లబడవు. ఫొటోలన్నీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేదాన్ని. మా ఆడపడుచు వరుసగా హృదయాలు పంపేది. మా ఆయన మాత్రం "ఇంతకీ వాడు తింటున్నాడా" అని అడిగాడు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

డబ్బా సగం సగం తిరిగొచ్చేది. కొత్త బడి, బెంగ అని సరిపెట్టుకున్నాను.

మే నెలాఖరులో రెన్రాకుచోలో, అంటే బడికీ ఇంటికీ మధ్య రోజూ తిరిగే నోట్‌బుక్‌లో, టీచర్ రెండు వాక్యాలు రాసింది. ఫోన్‌లో పెట్టి అనువాదం చూశాను. "రోజూ ఇంత గొప్ప కళాఖండంలాంటి బెంటోకి ధన్యవాదాలు. పాడుచేయడానికి మనసొప్పకో ఏమో, బాబు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంటున్నాడు." రికిసాకు అన్న మాట వాడింది. శ్రమపడి తీర్చిదిద్దిన పని అని అర్థం. నేను ఎగిరి గంతేశాను. ఆ పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టాను! నాలుగున్నరకి లేచేదాన్ని నాలుగుకి లేవడం మొదలుపెట్టాను.

జూన్ మధ్యలో సంకాన్ వచ్చింది. అమ్మానాన్నలు వెళ్ళి గోడవారన నిలబడి, పిల్లలు బడిలో ఏం చేస్తారో చూసే రోజు. భోజనాల వేళ కూడా ఉండొచ్చన్నారు. ఇక చూసుకోండి, పాండా తలపెట్టాను. రెండు పాండాలు, క్యారెట్ పూలు, బ్రోకలీ అడవి. నోరి కళ్ళు మూడుసార్లు పెట్టి తీశాను. టైమ్ మించిపోయింది. అన్నం ఇంకా వేడిగా ఉండగానే మూత బిగించి పరిగెత్తాను.

పన్నెండింటికి పిల్లలు పాట పాడి, చేతులు జోడించి, మూతలు తీశారు. మావాడూ తీశాడు. డబ్బాలో రెండు తెల్లటి ముద్దలు. కళ్ళు, ముక్కు, చెవులు అన్నీ మూతకి అంటుకుని పైనుంచి చూస్తున్నాయి. ఒక కన్ను జారి మూత అంచుకి చేరింది. పక్కన కూర్చున్న పాప "కొవాయ్" అంది. భయమేస్తోంది అని అర్థం. ఆ మాట క్లాసంతా పాకింది. పదిమంది పిల్లలు లేచొచ్చి మావాడి చుట్టూ మూగారు. కొందరు అరిచారు, కొందరు నవ్వారు. గోడవారన తల్లులందరూ మర్యాదగా వేరే వైపు చూశారు. ఆ మర్యాదే నన్ను చంపేసింది. ఎవరైనా పకపకా నవ్వి ఉంటే నేనూ నవ్వేసేదాన్ని.

అప్పుడు పక్క డబ్బాలు చూశాను. చిన్న చిన్న ఓనిగిరిలు, గుడ్డు చుట్ట, ఉడికించిన గుమ్మడికాయ ముక్క. అంతే. పిల్లలు పావుగంటలో తినేసి డబ్బాలు సంచుల్లో పెట్టుకుంటున్నారు. మావాడు తన పాండాని పుల్లతో గుచ్చుతూ కూర్చున్నాడు. అసలు ఆ పుల్లలు తేకూడదని ఏప్రిల్‌లో ఇచ్చిన కాగితాల్లోనే రాసి ఉందట. పద్నాలుగు పేజీలు, అంతా జపనీస్, ఎవరు చదివారు! టీచర్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని వాడికి ఒక్కో ముద్దా తినిపించింది. అప్పుడర్థమైంది, ఆవిడకి రోజూ ఇదే పనని.

ఇంటికొచ్చే దారిలో మా వీధిలోనే ఉండే ఒక పాప వాళ్ళమ్మ కలిసింది. రెన్రాకుచో పేజీ చూపించాను. ఆవిడ చదివి, చాలాసేపు మాటలు వెతుక్కుని, "మీరు కొంచెం తేలిగ్గా చేసినా ఫర్వాలేదు అంటున్నారేమో" అంది. ఆ "ఏమో" కూడా మర్యాదే. మూడు వారాల కిందట నేను పొగడ్త అనుకుని బంధువులందరికీ పంచింది, "తల్లీ, పిల్లాడు తినగలిగేది పెట్టు" అన్న మొర. మన దగ్గరైతే టీచరు మొహం మీదే చెప్పేది, ఆ పూటకి రోషం వచ్చేది, మర్నాటికి పని జరిగేది. ఇంత సున్నితంగా చెప్తే నాలాంటి మొద్దులకి ఎలా తెలుస్తుంది? ఆ టీచర్ మీద నాకు ఇంకా కొంచెం కోపం ఉంది. తినిపించినందుకు అంతకు రెట్టింపు సిగ్గూ ఉంది.

పాండా సంగతి తర్వాత తెలిసింది. వేడన్నం మీద మూత పెడితే ఆవిరి పైకెళ్ళి నీళ్ళవుతుంది, ఆ తడికి నోరి మెత్తబడి మూతకి అతుక్కుపోతుంది. అతుక్కోనిది ముడుచుకుంటుంది. అన్నం పూర్తిగా ఆరాలి. నోరిని చీజ్ పలక మీద పెట్టి రెండూ కలిపి కత్తిరిస్తే ముడతపడదు. అయినా బొమ్మ కంటే ముఖ్యమైనది ఒకటుంది. జూన్‌లో ఇక్కడ త్సుయు, వానల కాలం. ఆ ఉక్కలో వేడి డబ్బా మూసి పంపితే సూక్ష్మజీవులకి తలుపు తీసినట్టే. వండితే చావని బీజాలు అన్నంలో ఉంటాయి, గోరువెచ్చదనం దొరికితే పెరుగుతాయి. ఇప్పుడు విసనకర్రతో విసిరి, చల్లారాక మూసి, పైన ఐస్ ప్యాక్ కడుతున్నాను. గుడ్డు లోపలిదాకా ఉడకాల్సిందే.

పళ్ళ దగ్గర ఒక్కమాట, ఇక్కడ మాత్రం వేళాకోళం లేదు. ద్రాక్షపండు, చిన్న టొమాటో గుండ్రంగా పెట్టొద్దు. నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. 2016లో జపాన్ ప్రభుత్వం చిన్నపిల్లల బడులకి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇవి భోజనంలో వద్దన్న జాబితాలోనే ఉన్నాయి. కౌజుపిట్ట గుడ్డు కూడా. నేను వాటితో కోడిపిల్లలు చేసేదాన్ని. 2024 ఫిబ్రవరిలో ఫుకుఒకా ప్రాంతంలో ఒకటో తరగతి పిల్లాడు బడి భోజనంలో అదే గుడ్డు గొంతుకి అడ్డం పడి పోయాడని చదివిన రోజు నుంచి మా ఇంట్లోకి అవి రాలేదు.

ఇక జెల్లీ. పరువు నిలబెట్టుకుందామని ఒక ఆదివారం మా వీధి పాపనీ వాళ్ళమ్మనీ పిలిచి కివి జెల్లీ చేశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నా పొద్దునకి పచ్చటి నీళ్ళు. జెలటిన్ పాతదని తిట్టుకుని కొత్త ప్యాకెట్ తెచ్చాను. మళ్ళీ నీళ్ళే. పచ్చి కివిలో, అనాసలో ప్రొటీన్‌ని విరగ్గొట్టే ఎంజైములుంటాయి. జెలటిన్ ప్రొటీనే. అది గట్టిపడేలోపే ఇవి తినేస్తాయి. పండు ఉడికిస్తే, లేదా డబ్బాలో వచ్చే అనాస వాడితే ఆ బాధ లేదు. ప్యాకెట్ వెనకాలే రాసి ఉందట. అదీ జపనీస్‌లోనే.

అప్పటి నుంచి కాంతెన్‌కి మారాను. మన చైనా గ్రాసే. సముద్రపు నాచుది, ఎముకల గొడవ లేదు, మా అత్తగారు కూడా తింటారు. నాలుగు గ్రాముల పొడికి 500 మి.లీ. అయితే గట్టి ముక్కలు, పిల్లలకి 600 పోస్తే మెత్తగా వస్తుంది. రెండు నిమిషాలు బాగా మరగాలి. పుల్లటి రసాన్ని దాంతో కలిపి మరిగిస్తే పట్టు పోతుంది. దించాక గోరువెచ్చటి రసం కలపండి. చల్లటిది పోస్తే ఉండలు కడుతుంది. అన్నిటికంటే గొప్ప సంగతి, జెలటిన్ ఎండకి కరిగిపోతుంది, కాంతెన్ బయట ఉన్నా నిలబడుతుంది. ఒకసారి తెలివి ఎక్కువై దాన్ని గడ్డకట్టించి ఐస్ ప్యాక్‌లా పంపాను. కరిగాక నీళ్ళన్నీ ఓడ్చి స్పాంజి ముక్కలా అయింది. తీరా చూస్తే ఎండు కాంతెన్ పుట్టిందే అలాగట. పదిహేడో శతాబ్దంలో క్యోటోలోని ఫుషిమిలో ఒక సత్రం యజమాని మిగిలిన నాచుజెల్లీని చలికాలంలో బయట పారేస్తే, గడ్డకట్టి, కరిగి, ఎండి ఇది తయారైందని కథ చెబుతారు. ఆయన పారేస్తే చరిత్ర, నేను పారేస్తే చెత్తబుట్ట.

జూలైలో బెంటో చేయడానికి నాకు పదిహేను నిమిషాలు పట్టింది. రెండు కొరుకుల్లో అయిపోయే ముద్దలు నాలుగు, గుడ్డు చుట్ట, గుమ్మడికాయ, వేరే చిన్న డబ్బాలో పళ్ళు. చివరి రెండు వారాలు డబ్బా ఖాళీగా వచ్చింది. టీచర్ "శుభ్రంగా తిన్నాడు" అని రాసింది. దీని వెనక ఇంకేమైనా అర్థం ఉందేమోనని ఆ పాప వాళ్ళమ్మని అడిగాను. లేదంది.

ఇవాళ బడి నుంచి వస్తూ సెలవుల్లో ఏం చేసిపెట్టమంటావురా అని వాణ్ణి అడిగాను. పాండా అన్నాడు. కళ్ళు మూతకి ఉండే పాండా. ఆ రోజు క్లాసంతా తన చుట్టూ చేరిందట, అలాంటిది ఇంకెవరి అమ్మకీ చేయడం రాదట.