డిస్నీలాండ్‌కు ముందే దిగిపోయాం

పారిస్‌లో ఆర్‌ఈఆర్ ఏ అనే లోకల్ రైలు లైను ఎక్కి ఇటు వచ్చే టూరిస్టులు చాలామంది చివరి స్టేషన్ డిస్నీలాండ్ దాకా సీట్లోంచి లేవరు. మా చెల్లి పిల్లలూ అందుకే తయారై కూర్చున్నారు. దానికి ముందే నువాజియెల్ అనే ఊళ్ళో దించేసరికి మొహాలు మాడ్చుకున్నారు. పాత చాక్లెట్ ఫ్యాక్టరీ చూద్దామంటే కాస్త నడిచారు.

స్టేషన్ చుట్టూ అంతా కొత్త టౌనే. అక్కడి నుంచి మార్న్ నది వైపు రోడ్డు కిందికి దిగుతుంది. నీళ్ళ దగ్గరికి చేరేసరికి వందేళ్ళు వెనక్కి వెళ్ళినట్టు ఊరు మారిపోతుంది. కాని ఫ్యాక్టరీ గేటు మూసి ఉంది. ఎప్పుడో వారసత్వ దినాలప్పుడు తప్ప మామూలు జనాన్ని లోపలికి పోనివ్వరట. నిజంగా కోపమొచ్చింది. ఇలాంటి కట్టడాన్ని గోడ వెనక దాచుకోవడం ఏం న్యాయం?

గట్టు వెంట తిరిగితే చెట్ల మధ్య నుంచి కనిపించింది, నది పాయ మీదే నిలబడ్డ మిల్లు. ఇక కదలబుద్ధి కాలేదు. జూల్ సోల్నియే అనే ఆర్కిటెక్టు 1872లో పూర్తిచేశాడు. నీళ్ళలో రాతి స్తంభాలు, వాటి నడుమ టర్బైన్లు, పైన ఇనుప చట్రం. బరువంతా మోసేది ఆ ఇనుమే. గోడల్లోని రంగురంగుల ఇటుకలు ఖాళీలు పూడ్చడానికి మాత్రమే. ఆ ఇనుప దూలాలను దాచకుండా, అల్లికలా బయటికే చూపించాడు. అప్పటికి ఈఫిల్ టవర్ ఇంకా 17 ఏళ్ళ దూరంలో ఉంది! ప్రవాహపు బలంతోనే ఇక్కడ కోకో గింజలు నలిగేవి.

ఫ్యాక్టరీ యజమానులైన మెనియే కుటుంబం 1825లో ఈ చోటు తీసుకున్నది మందుల పొడులు కొట్టడానికి. చేదు మాత్రలకు పూతగా వాడిన చాక్లెట్టే చివరికి అసలు వ్యాపారమైంది. ఈ సంగతి చెప్పాక పిల్లలు డిస్నీలాండ్ ఊసెత్తలేదు.

పక్కనే 1874 నుంచి కట్టిన కార్మికుల కాలనీ. ఎర్ర ఇటుకల జంట ఇళ్ళు, ఒక్కో ఇంటికీ తోట, దగ్గర్లోనే బడి. చూస్తుంటే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళ శక్కర్‌నగర్ క్వార్టర్లు గుర్తొచ్చాయి. తోటలో పని చేసుకుంటున్న ఒక పెద్దావిడ మా చెల్లితో ఫ్రెంచిలో చాలాసేపు మాట్లాడింది. వాళ్ళమ్మ ఫ్యాక్టరీలో చాక్లెట్లు ప్యాక్ చేసేదట.

యజమానులు ఈ ఇళ్ళు పనివాళ్ళకు అమ్మలేదు, అద్దెకే ఇచ్చారు. మేయర్ కుర్చీ కూడా చాలాకాలం మెనియేల చేతిలోనే ఉంది. జీతం, ఇల్లు, బడి, ఊరి పాలన అన్నీ ఒకే కుటుంబం దగ్గరుంటే, పనివాడు ఎదురు చెప్పాలంటే ఎవరి దగ్గరికి పోవాలి? ఇళ్ళు ఎంత ముద్దొచ్చినా, ఆ వీధుల్లో నడుస్తున్నంతసేపూ నన్ను తొలిచింది ఇదే.