మేనత్తకు వారానికో ఉత్తరం: ఆరు నెలల లెక్క

నాన్న పోయిన తర్వాత తిరుపతి ఇల్లు సర్దుతుంటే అటక మీద ఒక ఇనుప తీగ దొరికింది. ఒక కొన కొక్కెంలా వంచి, దానికి వచ్చిన ఉత్తరాలన్నీ గుచ్చి వేలాడదీసిన తీగ. పాత ఇళ్లలో పెరిగినవారికి ఇది బాగా తెలుసు. అడుగున 1978 నాటి కార్డు, అన్నిటికన్నా పైన 1996 నాటి ఇన్‌లాండ్ కవరు. సగానికి పైగా పలమనేరు దగ్గర ఉండే మా మేనత్త రాసినవే. ప్రతి ఉత్తరానికీ నడిమధ్య చిల్లు, ఆ చిల్లు దగ్గర ఒకటి రెండు అక్షరాలు తుప్పు మరకలో కలిసిపోయాయి. 1996 తర్వాత ఒక్కటీ లేదు. మా ఇంటికి ఫోను వచ్చిన సంవత్సరం అది.

ఆ రాత్రే అనుకున్నాను, అత్తకు వారానికి ఒక ఉత్తరం చేత్తో రాయాలని. జూన్ మొదటి ఆదివారం మొదలుపెట్టాను. ఏ వారం ఏమి చేశానో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుందని అందులోంచి తీసి ఇక్కడ పెడుతున్నాను.

జూన్, మొదటి రెండు ఉత్తరాలు

నా పని రోజంతా కంప్యూటర్ మీద లెక్కలు. ఇన్నేళ్లుగా పెన్ను పట్టింది సంతకానికే. మొదటి పేజీకి యాభై నిమిషాలు పట్టింది. ఎనిమిదో వరుసకు బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చింది. బాల్ పెన్ను ఒత్తితే గానీ రాయదు, అలవాటు తప్పిన చెయ్యి అవసరానికి మించి ఒత్తుతుంది. పేజీ వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాలు ఉబ్బెత్తుగా తగిలాయి.

రెండో ఇబ్బంది వరుసల ఎడం. బడి నోటుపుస్తకాల్లో గీతల మధ్య దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు పైన గుడి, కింద వత్తు రెండూ పట్టాలి. పై వరుసలో ‘స్వాతంత్ర్యం’ అని రాస్తే, దాని క్రారవడి (ర వత్తు) కింది వరుసలోని ‘కిటికీ’ గుడులకు తగులుకుంటుంది. రూళ్ల కర్ర తీసి ఒక ఎ4 కాగితం మీద 12 మిల్లీమీటర్లకొకటి చొప్పున నల్లగా గీతలు గీశాను. దాన్ని రాసే కాగితం కింద పెట్టి క్లిప్పు తగిలిస్తే గీతలు పైకి కనిపిస్తాయి. పైన 25, కింద 20 మిల్లీమీటర్లు వదిలితే 21 వరుసలు వస్తాయి. ఈ ఒక్క అడుగు కాగితంతోనే రాత సగం బాగుపడింది. పెన్ను కన్నా ముందు ఇది చేసుకోండి.

జూన్ చివర: పెన్ను, కాగితం

గాంధీ రోడ్డులో ఒక పాత స్టేషనరీ దుకాణంలో ఇంకు పెన్ను కొన్నాను, మధ్యస్థం పాళీ. సన్న పాళీ కూడా చూశాను గానీ, మన అక్షరాల గుండ్రాలు తిప్పేటప్పుడు పైకి వెళ్లే గీత దగ్గర కాగితాన్ని గీరుతోంది. మధ్యస్థం పాళీ జారినట్టు వెళ్తుంది. పెన్నును ఏటవాలుగా పట్టుకుని, బరువంతా దానికే వదిలేస్తే చాలు. వేలి నొప్పి రెండు వారాల్లో పోయింది. స్వదేశీ ఉద్యమం రోజుల్లో పుట్టిన రాజమండ్రి రత్నం పెన్ను ఒకటి ఎప్పటికైనా కొనాలని ఉంది. ముందు చెయ్యి కుదుటపడాలి.

కాగితాలు మూడు రకాలు చూశాను. నోటుపుస్తకం కాగితం మీద ఇంకు వెనక్కి దిగింది. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) జిరాక్స్ కాగితం మీద అక్షరం అంచులు పీచులుగా పాకాయి. 100 జీఎస్ఎం బాండు కాగితం రెండు వైపులా రాసినా నిలిచింది. ఇన్‌లాండ్ కవరు పలుచన, దానికి బాల్ పెన్నే మేలు.

తూకం కూడా చూసుకోవాలి. 20 గ్రాముల వరకు అయిదు రూపాయల స్టాంపు సరిపోతుంది. 100 జీఎస్ఎం ఎ4 కాగితం ఒకటి ఆరు గ్రాముల పైచిలుకు. రెండు కాగితాలు, కవరు కలిపి 20 లోపే ఉంటాయి. అంటే రెండు వైపులా రాస్తే నాలుగు పేజీల కబుర్లు. మూడో కాగితం పెడితే దాటిపోతుంది.

జూలై: అత్త జవాబు

నాలుగు ఉత్తరాలు వెళ్లాక ఒక ఇన్‌లాండ్ వచ్చింది. చిరునామాలో ‘తిరుపతి, చిత్తూరు జిల్లా’ అని ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది, అత్త లెక్కలో ఇంకా కాలేదు. 517501 అని పిన్‌కోడు మాత్రం పెట్టెల్లో ఒక్కో అంకె దిద్ది పెట్టింది, ఉత్తరం నేరుగా ఇల్లు చేరింది.

పైన నడుమ ‘శ్రీ’. దాని కింద ‘చిరంజీవికి మీ అత్త ఆశీర్వదించి వ్రాయునది. ఉభయ కుశలోపరి’. నా చిన్నప్పుడు నాన్న ఈ మాటలు పైకి చదివేవారు. వేరుశనగ విత్తారట, ఎర్రావు ఈనిందట. చోటు అయిపోయాక అతికించే అంచు మీద కూడా కాగితం అడ్డంగా తిప్పి రెండు వరుసలు రాసింది.

రెండో పేజీ మధ్యలో ఒక కొట్టివేత ఉంది. ఒకే గీత, గట్టిగా కూడా గీయలేదు. వెలుతురుకు పెట్టి చూస్తే కింద మాటలు కనిపించాయి: ‘మోకాలు నొప్పి ఎక్కువై మెట్లు’. అక్కడ ఆపి, కొట్టేసి, ‘ఇక్కడ వానలు పడుచున్నవి’ అని సాగించింది.

ప్రతి ఆదివారం ఫోనులో అడుగుతూనే ఉన్నాను, ఆరోగ్యం ఎలా ఉందని. ప్రతిసారీ ఒకటే జవాబు: “నాకేమి నాయనా, బాగున్నాను.” గొంతులో తేడా నాకెప్పుడూ తెలియలేదు. ఫోనులో టైపు చేసి పంపినా ఆ నాలుగు మాటలు చెరిపేసి ఉండేది, నా దాకా వచ్చేవే కావు. ఆ గీతను ఎంతసేపు చూశానో గుర్తు లేదు. మరుసటి శనివారం బస్సెక్కి వెళ్లాను. వాకిట్లోకి రావడానికి అత్త గోడ పట్టుకుని నడిచింది. ఇప్పుడు మందులు వాడుతోంది. పడక కింది గదిలోకి మార్చాం.

అప్పటి నుంచి నేను కూడా తప్పు పోయిన మాటను తెల్ల ఇంకుతో పూయడం మానేశాను. ఒక్క గీతతో కొట్టేసి ముందుకు వెళ్తున్నాను. పాడైందని పేజీ చింపి మళ్లీ రాయడం కూడా లేదు.

ఆగస్టు నుంచి అక్టోబరు

చెప్పుకోదగ్గ మార్పులు తక్కువ. పేజీకి పాతిక నిమిషాలు పడుతోంది. రోజూ పది నిమిషాలు చూచిరాత రాస్తున్నాను, తీగ మీది అత్త ఉత్తరాలే దానికి ఒరవడి. రెండు వారాలు తప్పాయి, ఆఫీసు లెక్కల పని. నెలకొకసారి పాళీ విప్పి చన్నీళ్లలో కడుగుతున్నాను. మా కుళాయి నీళ్లకు తెల్ల పొర కడుతుంది కాబట్టి వడపోసిన నీళ్లే వాడుతున్నాను.

మధ్యలో గొలుసుకట్టు రాత నేర్చుకుందామని చూశాను. తాతగారి నాటి భూమి కాగితాలు ఆ రాతలోనే ఉన్నాయి. పెన్ను ఎత్తకుండా మాట వెంట మాట కలుపుతూ పోయే రాత అది, ఊళ్లలో భూమి లెక్కలు రాసే కరణాలకు అలవాటైనది. 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి, ఇప్పుడు ఆ కాగితాలు చదివేవారే అరుదు. ఇప్పటికి నేను పోల్చుకోగలిగింది తాతగారి పేరు, ఒకటి రెండు ఎల్లల పేర్లు. ఈ పని సాగుతోంది.

నవంబరు

తిరుపతిలో నవంబరు వాన సంగతి తెలిసిందే. పోస్టు డబ్బా దాకా నడిచేలోపు చొక్కా జేబులోని కవరు తడిసింది. ఇంటికి తెచ్చి ఆరబెడితే చిరునామా ఉండాల్సిన చోట నీలం మరక మిగిలింది. మామూలు నీలి ఇంకు నీటికి ఆగదు. ఇప్పుడు చిరునామా బాల్ పెన్నుతో రాసి, పైన తెల్ల కొవ్వొత్తిని ఒకసారి రుద్దుతున్నాను. నీటి చుక్క వేసి చూశాను, జారిపోయింది. వానాకాలం పొడుగునా ఉత్తరాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వెళ్లడం ఇంకా మంచిది.

లోపలి కాగితం మాత్రం అంచు తడిసి బతికింది. ‘అత్తకు’ అన్న మాటలో త వత్తు దగ్గర ఇంకు కొంచెం పాకింది. అలాగే కొత్త కవరులో పెట్టి పంపాను. ఆ మరక చూసి అత్త రాసింది: ‘వానలో తిరగవద్దు, జలుబు చేయును’.

ఈ వారం

ఇప్పటికి 23 ఉత్తరాలు వెళ్లాయి, తొమ్మిది వచ్చాయి. వచ్చినవాటిని అదే తీగకు, 1996 కవరు పైన గుచ్చుతున్నాను. నడిమధ్య కాకుండా పై మూల, అక్షరం లేని చోట.

నిన్న వచ్చిన దానిలో అత్త చేతిరాత కొంచెం మారింది. వరుసలు కిందికి జారుతున్నాయి, సున్నలు మూసుకోవడం లేదు. చివర అంచు మీద అడ్డంగా రాసింది: ‘కంటికి పొర వచ్చినదన్నారు. సంక్రాంతి పోయినాక ఆపరేషను. నీ అక్షరాలు కొంచెము పెద్దవిగా వ్రాయుము.’

ఈసారి కొట్టేయలేదు.

రాత్రి కూర్చుని కొత్త అడుగు కాగితం గీశాను, 16 మిల్లీమీటర్ల ఎడంతో. పేజీకి 15 వరుసలే పడుతున్నాయి. నీలం బదులు నల్ల ఇంకు నింపాను. ఇరవై నాలుగో ఉత్తరం రెండు కాగితాల్లో పట్టదు, మూడో కాగితానికి అదనపు స్టాంపు కొనాలి.