బోరు నీళ్ల సలహాలను తూర్పారబట్టడం

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ. బెంగళూరులో ఈ వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు పదిమంది చేరినా వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న పడాల్సిందే: "అండీ, ఇక్కడి నీళ్లు మరీ హార్డ్‌గా ఉన్నాయి, జుట్టంతా ఊడిపోతోంది. ఏం పెట్టిస్తే మంచిది?" హార్డ్ అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా కరిగిన నీళ్లు; వాటిని తీసేసే యంత్రం సాఫ్ట్‌నర్. గంట తిరక్కుండా ఇరవై జవాబులు వచ్చిపడతాయి. పనికొచ్చేవి రెండో మూడో, మిగతాదంతా తాలు. కానీ తాలు కూడా పైకి గింజలాగే ఉంటుంది, చేటలో పోసి చెరిగితే తప్ప తేలదు.

చెరగడానికి నేను వాడే కొలత ఒక్కటే. రాసింది తప్పయితే, అది తప్పని తేల్చుకునే వీలు ఆ రాతలోనే ఉందా? "మేం ఫలానా ఫిల్టర్ పెట్టించాం, సూపర్‌గా ఉంది" అన్న మాటని ఒప్పుకోవడానికీ ఏం లేదు, కాదనడానికీ ఏం లేదు. "బోరు నీళ్ల హార్డ్‌నెస్ డ్రాప్ కిట్‌తో చూస్తే 600, సాఫ్ట్‌నర్ దాటాక 50, అయిదో రోజుకి మళ్లీ 300కి ఎక్కింది" అని రాసినవాడు తన పీక మన చేతిలో పెట్టాడు. రేపు మనం కొలిచి చూడొచ్చు. అతని సాఫ్ట్‌నర్ పనిచేయకపోయినా అతని రాత పనిచేస్తుంది.

అంకె కనిపించగానే పొంగిపోకూడదు. అది దేని అంకె అన్నది ముందు చూడాలి. నీళ్ల విషయంలో సగం జవాబులు ఇక్కడే బోల్తా పడతాయి. చేతిలో పట్టే టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి) మీటర్ చవగ్గా దొరుకుతుంది కాబట్టి అందరి దగ్గరా ఉంటుంది, హార్డ్‌నెస్ కిట్ ఉండదు. అందుకని టీడీఎస్ అంకెనే హార్డ్‌నెస్‌గా రాసేస్తుంటారు. మీటర్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోందన్నది మాత్రమే, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి టీడీఎస్‌గా చూపిస్తుంది. కరిగిన ఉప్పు కాల్షియందా, సోడియందా అన్నది దానికి తెలియదు. తాగే నీళ్లకి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500 (2012). అందులో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా. హార్డ్‌నెస్‌కి అవే హద్దులు 200, 600. రెండూ వేర్వేరు గళ్లు. "మా నీళ్లు 550" అని గాల్లో అంకె వేసినవాడు ఏ గడిలో వేశాడో చెప్పకపోతే ఆ 550 దేనికీ కొరగాదు.

ఈ ఒక్క తేడా తెలిస్తే రెండు రకాల జవాబులను చూడగానే పక్కన పెట్టొచ్చు. మొదటిది: "సాఫ్ట్‌నర్ పెట్టించాం, టీడీఎస్ 900 నుంచి 150కి వచ్చింది." అలా రాదు. సాఫ్ట్‌నర్ చేసేది మార్పిడి బేరం. 40 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకుని 46 మిల్లీగ్రాముల సోడియం నీళ్లలో వదులుతుంది. కాబట్టి టీడీఎస్ ఉన్నచోటే ఉంటుంది, పెరిగితే ఓ వీసం పెరుగుతుంది. ఆ రాసినాయన వంటింటి ఆర్వో నీళ్లలో మీటర్ ముంచి ఉండాలి, లేదా అమ్మేవాడి తరఫు మనిషయి ఉండాలి. రెండోది దీనికి తలకిందులు: "సాఫ్ట్‌నర్ పెట్టినా టీడీఎస్ తగ్గలేదు, నిలువునా ముంచారు." మోసం సంగతేమో గానీ ఈ కొలత వల్ల మాత్రం అది తేలదు. ఇలాంటి కోపపు జవాబులకి జనం ఎక్కువగా తలూపుతారు. పాపం, ఆ ప్లంబర్ తప్పేమీ ఉండకపోవచ్చు.

సరైన గడిలో వేసిన అంకెకి కూడా, ఎలా కొలిచారో చెబితేనే విలువ. డ్రాప్ కిట్ వాడకం ఇలా ఉంటుంది. సీసాలో గీత దాకా నీళ్లు, అందులో బఫర్ (క్షారగుణం నిలిపే మందు) చుక్కలు, తర్వాత రంగు మందు. కాల్షియం ఉంటే నీళ్లు ద్రాక్షరసం ఎరుపుకి తిరుగుతాయి. ఇప్పుడు కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ ద్రావణాన్ని ఒక్కో చుక్కా వేస్తూ, చుక్కచుక్కకీ ఆడిస్తూ, ఎరుపు పోయి ఊదా వచ్చి, ఊదా పోయి శుభ్రమైన నీలం వచ్చేదాకా లెక్కపెట్టాలి. చాలామంది ఊదా దగ్గరే ఆపేస్తారు, అంకె తగ్గిపోతుంది. సీసాని ఏటవాలుగా పడితే చుక్క సైజు మారిపోతుంది, ఆడించకపోతే రెండు మూడు చుక్కలు ఎక్కువ పడతాయి.

ఇదంతా ఎందుకు చెప్పడమంటే, కొలవడం తెలిసినవాడి అంకెకీ కొలవనివాడి అంకెకీ వాలకంలోనే తేడా ఉంటుంది. చుక్కకి 25 అని లెక్కేసే కిట్‌తో 437 రాదు. 425 వస్తుంది, లేదంటే 450. "ఖచ్చితంగా 437 అండీ, నేనే కిట్‌తో చూశాను" అన్నవాడు ఎక్కడినుంచో ఎత్తి రాస్తున్నాడు. "450 ఉండొచ్చు, ఒక చుక్క అటూ ఇటూ" అన్నవాడిని నేను ముందు నమ్ముతాను. నీళ్లలో ముంచితే రంగు మారే స్ట్రిప్పులతో చూసినవాళ్లదైతే ఇంకో తిరకాసు. చాలా స్ట్రిప్పుల్లో పై గడి 425 దగ్గర ఆగిపోతుంది. 425 అన్నా 900 అన్నా దానికి ఒకటే రంగు.

కిట్టూ వద్దు, మీటరూ వద్దు అనుకుంటే కాగితమూ పెన్నూ చాలు. నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇదే. "25 లీటర్ల రెసిన్ సాఫ్ట్‌నర్ పెట్టండి, నెలకోసారి ఉప్పు పోస్తే చాలు" అని ఒకరు సలహా ఇచ్చారనుకుందాం. రెసిన్ అంటే సాఫ్ట్‌నర్ లోపల కాల్షియాన్ని పట్టుకునే పూసలు, అవి నిండాక ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ పనికొస్తాయి. ఒక లీటరు రెసిన్ వాడకంలో సుమారు 50 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుంది. 25 లీటర్లకి 1250 గ్రాములు. నీళ్ల హార్డ్‌నెస్ 600 అంటే లీటరుకి 0.6 గ్రాము. 1250ని 0.6తో భాగిస్తే దాదాపు 2080 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లని ప్రభుత్వ లెక్క, నలుగురికి 540. అంటే నాలుగు రోజులు కూడా నిండకుండానే రెసిన్ చేతులెత్తేస్తుంది. నెల మాట ఎక్కడిది?

అయితే అంతటితో ఆ మనిషి అబద్ధమాడాడని తేల్చేయకూడదు. అతని నీళ్ల హార్డ్‌నెస్ 150 అయితే అదే రెసిన్ 8300 లీటర్లు లాగుతుంది, పదిహేను రోజులు. ఇద్దరే ఉండే ఇల్లయితే నెల. అతను రాసింది అతని ఇంటికి నిజమే. మన ఇంటికి మోసుకొస్తేనే అబద్ధం అవుతుంది. అందుకే ఎంతమంది ఉంటారు, నీళ్లు ఎక్కడివి అన్న రెండు ముక్కలు లేని సలహాకి నేను సగం మార్కులే వేస్తాను, మిగతాది ఎంత బాగున్నా సరే.

షవర్ ఫిల్టర్ల ముచ్చట ఈ లెక్కకి నిమిషం కూడా ఆగదు. అరచేతిలో పట్టే ఆ డబ్బాలో 200 మిల్లీలీటర్ల మందు ఉందనుకుందాం. అదంతా అసలు సిసలైన సాఫ్ట్‌నర్ రెసినే అనుకుందాం, ఉదారంగా. అది పట్టుకునేది 10 గ్రాములు. 600 హార్డ్‌నెస్ నీళ్లయితే 17 లీటర్ల లోపే నిండిపోతుంది. ఒక్క బకెట్! "ఆరు నెలలుగా వాడుతున్నాం అక్కా, నీళ్లు మెత్తబడ్డాయి" అన్న మాటకి ఎన్ని హృదయాల బొమ్మలు అతికించినా ఆ బకెట్ రెండో బకెట్ కాదు. క్లోరిన్ వాసన తగ్గించే రకాలు వేరే ఉన్నాయి, వాటి పని వాటిది.

జుట్టు సాక్ష్యం మీద ఒక్క మాట. జ్వరమో, కాన్పో, పెద్ద ఒత్తిడో వచ్చాక జుట్టు ఊడటం మామూలుగా రెండు మూడు నెలలు ఆలస్యంగా మొదలవుతుంది, తర్వాత దానంతటదే తగ్గొచ్చు. కాబట్టి "ఫిల్టర్ పెట్టిన వారానికే ఊడటం ఆగింది" అన్నది నీళ్ల గురించి ఏమీ చెప్పదు. గీజరు రాడ్డుకి గార పట్టడం, సబ్బు నురగ రాకపోవడం, స్టీలు గిన్నె మీద తెల్ల మరకలు: ఇవి చెప్పేవాళ్లు నీళ్లని చూసి చెబుతున్నారు.

ఇక తలకాయలు లెక్కపెట్టడం. ఒక జవాబు కింద పద్నాలుగు మంది "మాకూ అంతే" అన్నారంటే పద్నాలుగు సాక్ష్యాలు అనుకుంటాం. ఆ పద్నాలుగు ఫ్లాట్లకీ నీళ్లు ఒకే సంపు నుంచి ఎక్కుతుంటే అది ఒకటే సాక్ష్యం, పద్నాలుగు సార్లు చెప్పారంతే. వేరే వీధిలో, వేరే బోరు మీద ఉన్నవాళ్లు ఒక్కరు చెప్పినా దానికే బరువెక్కువ. పైగా మన సంపుల్లో నది నుంచి కుళాయికి వచ్చే కావేరి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కలిసే ఉంటాయి. సోమవారం కావేరి వచ్చిన రోజున చూసిన అంకెకీ శుక్రవారం ట్యాంకర్ దింపాక చూసిన అంకెకీ పొత్తు కుదరదు. "మా అపార్ట్‌మెంట్ నీళ్లు" అనే నీళ్లే ఉండవు, ఆ రోజు నీళ్లు ఉంటాయి.

తేదీ కూడా అంతే. ట్యాంకర్ ధరల గురించి "ఆరు వేల లీటర్లకి 600 మించి ఇవ్వొద్దు, గవర్నమెంటు రేటు" అన్న మెసేజ్ ఇప్పటికీ తిరుగుతుంటుంది. అది 2024 ఎండాకాలం కరువులో బెంగళూరు జిల్లా యంత్రాంగం అయిదు కిలోమీటర్ల లోపు దూరానికి పెట్టిన ధర. దూరమూ తేదీ రాలిపోయి అంకె ఒక్కటే మిగిలింది. అలాగే "మా వైపు కావేరి రాదు, ఆశ వదులుకోండి" అన్న పాత జవాబులు. శివార్లలోని 110 గ్రామాల కోసం కట్టిన కావేరి నీటి పథకం అయిదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. ఆ ప్రాంతాల గురించి అంతకుముందు రాసినవాటిని పాత క్యాలెండర్‌లా చూడాలి.

అక్షర దోషాలకి మాత్రం మార్కులు తీయకండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి, వాక్యం మధ్యలో కన్నడం కలిపి, "రెసిన్ సచ్చిపోయింది సార్, ఉప్పు పోసినా లేవట్లే, ఐరన్ పట్టింది" అని ప్లంబర్ పెట్టిన వాయిస్ మెసేజ్‌లో కారణం ఉంది, గుర్తు ఉంది. బోరు నీళ్లలో ఇనుము ఉంటే రెసిన్ మీద తుప్పు పేరుకుని నిజంగానే పట్టు తగ్గిపోతుంది. దాని కిందే ఎనిమిది పేరాల నున్నటి జవాబు ఉంటుంది. లాభాలు, నష్టాలు, చివర్లో "మీ అవసరాలను బట్టి నిపుణుడిని సంప్రదించండి". ఊరి పేరు లేదు, సంపు లేదు, ఏం చెడిపోయిందో లేదు. అది మనిషి రాసినా మిషన్ రాసినా మార్కు సున్నాయే. "నంబర్ పర్సనల్‌గా పంపిస్తా" అనేవాళ్లకి నేను మార్కులు కాదు, నమస్కారం పెడతాను.

పిహెచ్‌డీలకీ అంతే. కెమిస్ట్రీ చదివినాయన చెప్పే రసాయన సూత్రం సరిగ్గానే ఉంటుంది, కానీ మన సంపులో ఏముందో ఆయన డిగ్రీకి తెలియదు.

అటూ ఇటూ కాని జవాబులు కొన్ని మిగులుతాయి. మనిషి నిజాయితీగానే రాశాడు, వివరాలు మాత్రం తక్కువ. వాటిని పారేయకుండా రాసినవారినే అడిగితే సరి. నీళ్లు ఏ కుళాయి నుంచి పట్టారు, సాఫ్ట్‌నర్‌కి ముందా వెనకా? దేంతో కొలిచారు? పెట్టించి ఎన్నాళ్లయింది? వారం కూడా కాకపోతే ఇప్పుడే మార్కు వేయొద్దు. కొత్త రెసిన్‌తో ఎవరి నీళ్లయినా మెత్తగానే ఉంటాయి.

మూడు నెలలాగి ఒకే ప్రశ్న అడగండి: "ఉప్పు నెలకి ఎన్ని కిలోలు పోస్తున్నారండీ?" 25 లీటర్ల రెసిన్‌ని ఒకసారి కడగడానికి మూడు నుంచి నాలుగు కిలోలు పడుతుంది. పైన వేసిన లెక్క ప్రకారం నాలుగు రోజులకోసారి కడిగితే నెలకి పాతిక కిలోల మూట. "అబ్బే, మొదట్లో ఇచ్చిన అయిదు కిలోల ప్యాకెట్టే ఇంకా సగముంది" అంటే, వాళ్లింట్లో సాఫ్ట్‌నర్ ఎప్పుడో నిద్రపోయింది, నీళ్లు దాని మీదుగా నడిచి వస్తున్నాయంతే.