ఏడు కిలోల లోపు కుట్టు మిషన్

షార్జాలో ఉంటున్న మా చెల్లెలు తన కుట్టు మిషన్ తెచ్చిపెట్టమని అడిగిన నాటి నుండి, హన్మకొండలోని మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ అక్కడ మిషన్లు దొరకవా అని అడగకుండా వెళ్లలేదు. దొరుకుతాయి, మన దగ్గర కంటే ఎక్కువ రకాలే దొరుకుతాయి. అయితే ఇది ఆమె పెళ్లికి ముందు నుండి వాడిన మిషన్. దారం ఎంత బిగిస్తే పట్టు రవికె మీద కుట్టు ముడుచుకోకుండా పడుతుందో, ఎంత వదిలితే నూలు లంగా అంచు సాఫుగా నిలుస్తుందో ఆమె వేళ్లకు తెలుసు. కొత్త మిషన్ మీద ఆ అలవాటు కుదిరేలోగా పాడయ్యేవి ఇతరుల రవికెలే కాబట్టి, ఆమె కోరికలో నాకు న్యాయమే కనిపించింది.

ఆమె అడిగింది అమ్మ తొక్కుడు మిషన్ కాకపోవడం నా అదృష్టం. దాని తల పోత ఇనుముది, నడుము బిగిస్తే గాని లేవదు; ఇక కింది స్టాండు సంగతి చెప్పనే అక్కరలేదు. చెల్లెలిది కరెంటుతో నడిచే ఉషా జనోమ్. మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెడితే ఆరు కిలోలకు కొంచెం తక్కువ తూగింది. టికెట్టు మీద చేతి సంచికి ఏడు కిలోలు రాసి ఉన్నాయి గనుక, దాన్ని వెంటే తీసుకెళ్లాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

పెద్ద సూట్‌కేసులో వేసి పంపితే చేయి ఖాళీగా ఉంటుందని మా వారు అన్నారు. సామాను విసిరేసే చోట మిషన్‌కు తగిలే దెబ్బ పైకి కనిపించదని నేను చెప్పాను. సూది అడుగుకు దిగి తిరిగి లేచే క్షణంలో దాని వెనుక దారం చిన్న ఉచ్చుగా విచ్చుకుంటుంది. కింద తిరిగే షటిల్ కొన సరిగ్గా ఆ ఉచ్చును పట్టుకొని, అడుగున బాబిన్ అనే చిన్న కండెకు చుట్టి ఉన్న దారం చుట్టూ తిప్పితేనే కుట్టు పడుతుంది. ఆ కొనకూ సూదికీ మధ్య ఉండవలసిన సందు వెంట్రుక మందమే. అది కాస్త జరిగితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, చప్పుడూ మామూలుగానే ఉంటుంది, కుట్టు మాత్రం నాలుగు చోట్ల పడి అయిదో చోట తప్పిపోతుంది. పగిలిన ప్లాస్టిక్కును ఎవరైనా అతికించగలరు గాని, ఈ తప్పును సరిచేసే మెకానిక్‌ను పరాయి దేశంలో వెతకడం ఎవరికి కావాలి?

మూట కట్టడానికే నిన్నటి సాయంత్రమంతా పట్టింది. ముందు నూనె మరకలన్నీ తుడిచి, లోపల మిగిలినది బయటకు వచ్చే దాకా ఒక పాత గుడ్డ మీద ఉత్తుత్తి కుట్లు వేయించాను. తరువాత సూది తీసేసి, గుడ్డను జరిపే దువ్వెన లాంటి పళ్లకు రాపిడి కలగకుండా గుడ్డ ముక్క మడత పెట్టి, గుడ్డను నొక్కి పట్టే పాదాన్ని దాని మీదికి దించాను. బాబిన్ కేసును ఊడదీసి చిన్న స్టీలు డబ్బాలో వేశాను. చుట్టడానికి మొదట కొత్తవాడ జంపఖానా తీశాను, ఎందుకంటే మన వరంగల్ జంపఖానా అంత మందంగా, అంత మెత్తగా దెబ్బ కాచే బట్ట ఇంకొకటి నాకు తెలియదు. చుట్టి తూస్తే కాటా ఏడు దాటింది. దాన్ని విప్పి సూట్‌కేసులో పచ్చడి డబ్బాల చుట్టూ సర్ది, మిషన్‌కు చెల్లెలి కోసం కొన్న జాకెట్ గుడ్డలూ లైనింగు గుడ్డలూ ఒకదానిపై ఒకటిగా చుట్టాను. ఎలాగూ ఆమెకు చేరవలసినవే. కత్తెర, సూదుల పొట్లం, కాలి పెడల్ సూట్‌కేసులోకి వెళ్లాయి. నూనె సీసాను ఇంట్లోనే వదిలేశాను.

చెల్లెలు వెళ్లింది డల్లాస్‌కు అయి ఉంటే నేను ఈ పనికి ఒప్పుకునేదాన్ని కాదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మన 230 వోల్టుల మోటారు అక్కడ ఈడ్చుకుంటూ తిరుగుతుంది, దానికి ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తే ఆ బరువు మరొకటి. షార్జాలో మన లాగే 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. ప్లగ్గు ఒక్కటే వేరు: మన గుండ్రని కాళ్లకు బదులు వాళ్లకు మూడు బల్లపరుపు కాళ్లు ఉంటాయి.

తెల్లవారుజామున బస్సు ఎక్కి, సంచిని కాళ్ల దగ్గర పెట్టక ఒడిలోనే పెట్టుకున్నాను. జనగామ దాటే వరకు బాగానే ఉంది, ఆ తరువాత మోకాళ్లు మొద్దుబారాయి. ఊరి పక్కనే నిజాం కాలంలో కట్టి, తరువాత మూతబడ్డ మామునూరు విమానాశ్రయం ఉండగా, విమానం కోసం ఇంత దూరం శంషాబాద్‌కు పోవడమేమిటని వరంగల్ వాళ్లందరి లాగే నేనూ దారి పొడవునా విసుక్కున్నాను.

తనిఖీ దగ్గర సంచి ఎక్స్‌రే గుండా పోయి, తెర మీద నల్లని ముద్దలా కనబడి, పక్కకు జరపబడింది. కట్లు విప్పుతుంటే అక్కడి మహిళా ఉద్యోగి లైనింగు గుడ్డను వేళ్లతో నలిపి చూసి, సూది ఉందా అని హిందీలో అడిగింది. సూది బిగించే ఖాళీ చోటును వేలితో చూపించాను. చక్రాన్ని ఒకసారి తిప్పమంది, తిప్పాను. అది నున్నగా తిరగడం చూశాక ఆమె ముఖంలో అనుమానం పోయి ఆసక్తి వచ్చింది. చీరలకు పీకో కూడా వస్తుందా అని అడిగింది. జిగ్‌జాగ్ కుట్టు ఉందని, అయితే పీకో మిషన్ అంత అందంగా రాదని నిజమే చెప్పాను. వెనుక వరుసలో నిలబడిన వారు గొణుక్కోవడం వినబడి మళ్లీ గుడ్డలు చుట్టాను, ఇంట్లో చుట్టినంత చక్కగా మాత్రం కాదు.

విమానంలో పైఅరలో సంచిని పడుకోబెడితే బాగా పట్టేది గాని, నాకు నిలబెట్టి ఉంచాలని ఉంది. ఎయిర్‌హోస్టెస్ ఒప్పుకోలేదు. పడుకోబెట్టాను.

షార్జా చేరాక చెల్లెలు నా ముఖం కంటే ముందు సంచి ముఖం చూసింది. టీ కూడా తాగనివ్వకుండా విప్పి, బాబిన్ కేసును దారం పట్టుకొని వేలాడదీసి, చేతిని ఒక చిన్న కుదుపు కుదిపింది. అది రెండు వేళ్ల మందం జారి ఆగింది. దారం బిగువును పట్టి ఉంచే స్క్రూ కదలలేదన్న మాట. మరిది గారు కొని ఉంచిన ప్లగ్గు తగిలించి, సూది ఎక్కించి గుడ్డ ముక్క మీద ఒక వరుస వేసింది. పైనా కిందా ఒక్క కుట్టు కూడా తప్పిపోలేదు.

“వదినా, మిషన్ నూనె రేపు తెస్తా, ఇయ్యాల దుకాణం బంద్ ఉన్నది,” అన్నారు మరిది గారు. నూనె పోసే దాకా దాన్ని నడపవద్దని చెల్లెలికి గట్టిగానే చెప్పాను. ఆమె వినలేదు, పక్క ఫ్లాటులో ఉండే జగిత్యాల ఆమె రవికె అప్పటికే కత్తిరించి సిద్ధంగా ఉంది.