ఏడో తరగతి బి సెక్షన్, ఒక నీళ్ల ట్యాంకరు

మా ఇంట్లో నేను నడిపిదాన్ని. అక్కకి కొత్త బట్టలు, తమ్ముడికి ముద్దులు, నాకేమో అక్క వదిలేసిన గౌన్లు. అందుకేనేమో స్కూల్లో నన్ను మిడిల్ స్కూల్ కోఆర్డినేటర్‌ని చేసినప్పుడు ఆరు ఏడు ఎనిమిది తరగతుల పిల్లల్ని చూసి నాకు భలే జాలేసింది. ఎల్‌కేజీ వాళ్లు అడ్మిషన్లు తెస్తారు, టెన్త్ వాళ్లు గేటు బయట ఫ్లెక్సీకి ఫొటోలు తెస్తారు, మధ్యలో వీళ్లు ఫీజు తప్ప ఏం తెస్తారు చెప్పండి. బాగా చెప్పే టీచర్లంతా టెన్త్‌కే పోతారు, టెన్త్ మేడం సెలవు పెడితే అరేంజ్‌మెంట్‌కి నా సెవెన్త్ టీచర్నే లాగుతారు, అప్పుడు సెవెన్త్‌కి పీటీ పీరియడ్, ఎండగా ఉంటే అదీ లేదు, తలకాయలు బెంచీ మీద పెట్టి పడుకోండి అంటారు.

మాది బెంగళూరులో మారతహళ్లి దాటాక ఒక మామూలు ప్రైవేట్ స్కూలు. పిల్లల్లో సగం మంది మనోళ్లే, అనంతపురం, హిందూపురం, మదనపల్లె నుంచి పనులకి వచ్చినోళ్ల పిల్లలు కొందరు, ఐటీ వాళ్ల పిల్లలు కొందరు.

ఈ పిల్లలకి లీడర్‌షిప్ నేర్పే ప్రోగ్రాం మాకు లేదని కాదు, ఉంది. జూన్‌లో బ్యాండుతో మార్చ్, ఎర్ర శాష్‌లు, బ్యాడ్జీలు, ప్రమాణం, కింద తల్లిదండ్రుల వీడియోలు. మార్కులు బాగా వచ్చి ఇంగ్లీషు గడగడ మాట్లాడే పిల్లే ప్రతి సంవత్సరం కెప్టెన్, ఇక ఆ రోజు నుంచి మార్చి దాకా ఆ పిల్ల చేసే లీడర్‌షిప్ ఏంటంటే ప్రేయర్‌లో లైన్ సరిచేయడం, మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాయడం. మిగతా పిల్లలకి ఆ పిల్లంటే ఒళ్లు మంట. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది లోపు పది రోజులు బ్యాగు లేకుండా రండి, వడ్రంగి దగ్గర, తోటమాలి దగ్గర, కుమ్మరి దగ్గర పని చూసి నేర్చుకోండి అని రాశారు కదా, మేమూ చేశాం బ్యాగ్‌లెస్ డే, ప్రొజెక్టర్‌లో కుమ్మరి వీడియో వేశాం. నవ్వకండి, ఆ సర్క్యులర్ మీద సంతకం నాదే.

2024 ఫిబ్రవరి, మార్చి గుర్తున్నాయా? ముందు ఏడాది వానల్లేక బెంగళూరులో బోర్లు ఎండిపోయి, తాగే నీళ్లతో కారు కడిగితే అయిదు వేలు ఫైన్ అని జలమండలి ప్రకటించిన రోజులు. మా స్కూల్ బోరు కూడా అప్పుడే పోయింది. ట్యాంకర్లు తెప్పించాం, ఫ్లష్‌లు ఆపేశాం, బాత్రూం దగ్గర ఆయమ్మ మగ్గు పట్టుకుని కాపలా.

ఏడో తరగతి బి సెక్షన్‌లో నేను డేటా హ్యాండ్లింగ్ చెప్తున్నా, బోర్డు మీద ఎవరో బ్యాట్స్‌మన్ రన్స్‌తో బార్ గ్రాఫ్. ఒక పిల్ల చెయ్యెత్తి "మిస్, మన స్కూల్‌కి రోజుకి ఎన్ని లీటర్లు కావాలి?" అంది. నాకు తెలీదు. ఆఫీసులో అడిగితే ట్యాంకర్ వాడు ఎంతంటే అంతే మేడం అన్నారు, వచ్చి అదే చెప్పా. అప్పుడు ఆఖరి బెంచీ నుంచి ఒక గొంతు, ఏడాది మొత్తం అటెండెన్స్‌కి తప్ప లేవని గొంతు, "మిస్, పన్నెండు వేల ట్యాంకర్ అంటే పన్నెండు వేలు ఉండవు" అంది.

వాళ్ల నాన్న ట్యాంకర్ డ్రైవరు. క్లాసంతా ఒకటే నవ్వు, మీ నాన్నదేనా అని ఎవడో అన్నాడు, వాడు మొహం ఎర్రగా చేసుకుని "మా నాన్నది కాదు, మా నాన్నది ఎనిమిది వేలది" అన్నాడు. ఆ మార్చిలోనే జిల్లా అధికారులు 12,000 లీటర్ల ట్యాంకర్‌కి అయిదు కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలు, జీఎస్‌టీ వేరే, అని రేటు కట్టారు కదా, రేటు కట్టారు సరే కొలత ఎవరు చూస్తారు మిస్ అని వాడి పాయింటు.

సరే చూద్దాం అన్నాం. మా సంపు నాలుగు మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, అంటే నీళ్లు ఒక్క సెంటీమీటరు లేస్తే 100 లీటర్లు. ఘనపరిమాణం ఎనిమిదో తరగతి పాఠం, వీళ్లు ఏడు, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ప్రిన్సిపాల్ మేడం ఒకటే షరతు పెట్టారు, సంపు మూత దగ్గరకి పిల్లలెవరూ పోకూడదు, వాచ్‌మన్ కర్ర ముంచి తీస్తే తడి ఎక్కడిదాకా ఉందో వీళ్లు టేపుతో చూసుకోవాలి. పన్నెండు వేలకి 120 సెంటీమీటర్లు లేవాలి, మొదటి రోజు 89 సెంటీమీటర్లే వచ్చింది, ఆహా మూడు వేల లీటర్లు మోసం అని పిల్లలు ఎగిరారు, కానీ కొలిచేటప్పుడు పైన ఓవర్‌హెడ్ ట్యాంకుకి మోటారు ఆడుతూనే ఉంది! అది కనిపెట్టింది కూడా ఆ ఆఖరి బెంచీ వాడే. మర్నాడు మోటారు ఆపి కొలిస్తే 104, అంటే 10,400. వారం రోజుల రిజిస్టర్ మేడం టేబుల్ మీద పెట్టాం, ఆవిడ ఫోన్ చేసి ట్యాంకర్ అతనితో కన్నడలో ఏం మాట్లాడారో నాకు తెలీదు, తర్వాత నుంచి 115కి తగ్గలేదు.

ఆ జూన్‌లో నేను మేడంని రెండు అడిగాను. శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లు మిడిల్ స్కూల్‌వి, అరేంజ్‌మెంట్ పేరుతో ఎవరూ ముట్టుకోకూడదు. ఇంకోటి, ఆ రెండు పీరియడ్లకి పీపీటీ, రిపోర్టు, ఫొటో అడగకూడదు. ఆవిడ మొదట "పోర్షన్ ఎప్పుడు పూర్తి చేస్తారు?" అన్నారు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదికి ఏడాదికి 220 పని దినాలు, 1,000 గంటల బోధన ఉండాలి మేడం, నేనడిగేది అందులో ఓ యాభై గంటలు అన్నా. చాలాసేపు టైంటేబుల్ వైపు చూసి యాన్యువల్ డే రిహార్సల్స్‌లోంచి కోసి ఇచ్చారు. నన్నడిగితే ప్రిన్సిపాల్ లీడర్‌షిప్ అంటే అదే, అరగంట స్పీచ్ ఇవ్వడం ఎవరికైనా వచ్చు, టైంటేబుల్‌లో గడి ఖాళీ చేయడమే కష్టం.

అన్నీ కుదిరాయని చెప్పను. సిక్స్త్‌కి కూడా నీళ్ల లెక్కలే పెట్టబోయా, రెండు వారాల్లో చప్పబడిపోయింది, ఎందుకంటే అది వాళ్ల గోల కాదు. వాళ్ల గోల ఏంటయ్యా అంటే లంచ్‌లో గ్రౌండ్ అంతా టెన్త్ అన్నయ్యలే ఆడేస్తారని. సరే దాని మీద పడండి అన్నా. నాలుగు రోజులు ఎవరు ఎంతసేపు ఆడుతున్నారో రాసుకుని, టెన్త్ వాళ్లతోనే కూర్చుని మాట్లాడి, వారంలో రెండు రోజులు తెచ్చుకున్నారు. టెన్త్ వాళ్లతో మాట్లాడటానికి వీళ్లు పంపింది కెప్టెన్‌ని కాదు, బాగా వాదులాడే ఒక పొట్టిదాన్ని. ఎయిత్ వాళ్లతో మాత్రం నా వల్ల కాలేదు, ఏం అడిగినా భుజాలెగరేస్తారు, ఆ వయసు అంతేనో నాకే చేతకాలేదో.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన, మన కడప ఆయనే, "మేడం, మావాడికి ఐఐటీ ఫౌండేషన్ ఉంటుందని చేర్పించినాం, నీళ్లు కొలిచేదానికా ఫీజు కట్టేది?" అన్నాడు. మీవాడు పొడవు వెడల్పు ఎత్తు అని బట్టీ కొట్టకుండా సంపు దగ్గర నేర్చుకున్నాడు సార్ అన్నా. ఆయనకి నచ్చలేదు. పర్లేదు.

ఆ ఆఖరి బెంచీ వాడు టాపరేం అయిపోలేదు, లెక్కల్లో యాభై దాటితే గొప్ప. కానీ ఆయమ్మ ఎక్కడ కొళాయి కారినా ఇప్పుడు ఆఫీసుకి పోదు, వాడి దగ్గరికే పోతుంది, "అబ్బోడా, పై ఫ్లోర్‌లో చూద్దువు రా" అని.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈసారి టెన్త్ రివిజన్‌కి శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లు కావాలంట. సోమవారం మీటింగ్. నీళ్లది, గ్రౌండ్‌ది రిజిస్టర్లు రెండూ బ్యాగులో పెట్టుకున్నా, ఆ పొట్టిదాన్ని కూడా లోపలికి రానిస్తారేమో అడగాలి.